రాతిలో నిలిచిన వాయువు

పాలంపేటలో 1213లో నిర్మితమైన రామప్ప గుడి వెలుపలి గోడలు ఎర్రని ఇసుకరాతివి. రాయి గట్టిదైనను దాని రేణువుల నడుమ సన్నని సందులు ఉండును. భూమి లోతున సహజవాయువు నిలుచునది అట్టి సందులలోనే. ఏ తావున నిలుచునో ముందుగా చెప్పుట యెట్లు?

జవాబు కొరకు ఓరుగల్లు విద్యార్థి గోదావరి లోయను చూచిన చాలును. పూర్వపు వరంగల్లు జిల్లాలోని భూపాలపల్లి బొగ్గు, 25 కోట్ల సంవత్సరములకు పైబడిన పూర్వము పర్మియన్ యుగమున పెరిగిన వృక్షముల అవశేషము. ఆ గోండ్వానా శిలల పల్లము ఆగ్నేయముగా సాగి, తీరమున పిదప పేరుకొన్న పొరల క్రింద మునిగినది. గోదావరి డెల్టా సీమలోని మండపేట వద్ద ఆ యుగపు బొగ్గుపొరలే కిలోమీటర్ల లోతున భూతాపమునకు మాగి వాయువును విడిచినవి. పైనున్న ఇసుకరాయి దానిని గ్రహించినది. ఆపై ఎర్రని బంకమట్టి రాతిపొర మూతయైనది.

సామాన్యమైన ఇసుకరాతిలో వాయువు పైకి ప్రాకి, గుమ్మటమువలె వంగిన పొర శిఖరమున చేరును. మండపేట రాయి బిగువైనది. దాని సందులను చాలవరకు ఖనిజములు పూడ్చినవి. వాయువు సులభముగా దూరము పోజాలదు. కావున శిఖరమును వెదకిన చాలదు. బొగ్గు తగినంత మాగిన తావేది? దాని చేరువ సందులు మిగిలిన రాయి యేది? వాయువునకు త్రోవనిచ్చు బీటలు ఎచ్చట? రాయి బిగిసినది వాయువు రాకకు ముందా, పిదపనా? భూమిలోనికి పంపిన తరంగముల ప్రతిధ్వనులు, బావులనుండి తీసిన రాతిముక్కలు జవాబులను సూచించును. ఒక్క జవాబు తప్పినను కిలోమీటర్ల త్రవ్వకము వృథా కావచ్చును.

భూపాలపల్లి బొగ్గుముక్కను తరగతిలో చూపు ఉపాధ్యాయుడు మండపేట వాయువు కథను అచ్చటనుండియే మొదలిడవచ్చును.