రైతు యుక్తి – బరువు లెక్క

ఎడ్లబండిలో ధాన్యపు బస్తాలను వేయు రైతును చూడుడు. అతడు వానిని తోచినచోట పడవేయడు. ముందువైపు బరువు హెచ్చైనచో కాడి ఎద్దుల మెడలను నొక్కివేయును. వెనుకవైపు హెచ్చైనచో కాడి పైకి లేచి మెడత్రాళ్లు బిగిసికొనును. కావున ఇరుసుకు ఇరువైపుల బరువు సరితూగునట్లు అతడు బస్తాలను సర్దును. చదువు రాని రైతునకు సైతము తెలిసిన ఈ లెక్కయే ట్రాక్టరునకును ముఖ్యము.

అమెరికా, కెనడా దేశములలో అనేకులు రైతులు తమ ట్రాక్టరు ముందుభాగమున లోడరు అను సాధనమును అమర్చుకొందురు. దానికి రెండు ఉక్కు చేతులును, వాని చివర పెద్ద చేటను పోలిన ఇనుప తొట్టియు ఉండును. నూనె ఒత్తిడిచే పనిచేయు సిలిండర్లు కొన్ని చేతులను పైకెత్తును. మరికొన్ని తొట్టిని వంచును. మట్టి, పెంట, కంకర, మంచు ఎత్తిపోయుటకు ఈ తొట్టి చక్కగా ఉపకరించును. కాని రైతు పని అంతటితో తీరునా? దుంగలను మోయవలెను, గడ్డిచుట్టలను తరలింపవలెను, గట్టినేలను పెల్లగింపవలెను. ప్రతి పనికిని వేరొక పరికరమును కొనుట మిక్కిలి వ్యయముతో కూడినది. కావున రైతులు కొట్టములో పడియున్న పాత ఇనుముతో తొట్టికి తగిన అమరికలను తామే చేసికొందురు.

వారి యుక్తులు కొన్ని చూతము. కంకర బాటపై మంచును త్రోయునపుడు తొట్టి అంచు నేలలో దిగి కంకరను కూడ ఊడ్చివేయును. దీనికొక సులభోపాయము కలదు. ఇనుప గొట్టము నొకదానిని నిలువున చీల్చి తొట్టి అంచునకు తొడిగి బిగింతురు. అప్పుడు పదునైన అంచునకు బదులుగా గుండ్రని గొట్టము నేలపై జారును. మంచు పోవును, కంకర నిలుచును. గట్టినేలను త్రవ్వవలసినపుడు దంతములు గల ఇనుప పట్టీని అంచునకు అడ్డముగా అమర్చి, రెండు ప్రక్కల మరలతో బిగింతురు. బలమంతయు కొద్ది మొనలపై కేంద్రీకరించుటచే నేల సులభముగా పగులును. గొలుసుతో దుంగలను ఎత్తుటకు తొట్టి పై అంచున కొక్కెములు అతికింతురు. తెలిసినవాడు వానిని పలుచని రేకుపై నడుమ అతికింపడు. దళసరి పలకను ఆధారముగా నుంచి, చేతులకు సమీపమున అతికించును. లేనిచో బరువు పడగానే రేకు వంగిపోవును.

అన్నింటికంటె ఎక్కువగా వాడబడునది కొమ్ముల జత. రెండు పొడవైన ఉక్కు కొమ్ములను తొట్టి అంచునకు బిగించి, చెక్క చట్రములపై పేర్చిన సరకులను ఎత్తుదురు. లెక్క తప్పుటకు అవకాశము ఇక్కడనే కలదు. మీరొక బరువైన పుస్తకమును రొమ్మునకు దగ్గరగా పట్టుకొనుడు. పిదప చేయి చాచి పట్టుకొనుడు. పుస్తకము పెరుగలేదు, దూరము పెరిగినది. అయినను చేయి త్వరగా అలసిపోవును. ట్రాక్టరు విషయమును అట్టిదే. ముందు ఇరుసునకు 1 మీటరు దూరమున తొట్టిలో 400 కిలోగ్రాముల బరువు కలదనుకొందము. అదే బరువు కొమ్ములపై 1.5 మీటర్ల దూరమున ఉన్నచో, ట్రాక్టరును ముందునకు పడద్రోయుటలో అది తొట్టిలోని 600 కిలోగ్రాములతో సమానమగును. కొమ్ముల స్వంత బరువు దీనికి అదనము.

అప్పుడు వెనుక చక్రములు తేలిపోవును. దానిని నివారించుటకు రైతులు మరియొక ఇంటి సాధనమును చేసికొందురు. 200 లీటర్ల పీపాలో కాంక్రీటు నింపినచో అది సుమారు 480 కిలోగ్రాములు తూగును. దానిని ట్రాక్టరు వెనుక తగిలింతురు. ముందు ఇరుసునకు అది చాల దూరమున ఉండుటచే ముందరి బరువును చక్కగా సరితూచును. చిన్న ట్రాక్టరునకు చిన్న పీపాయే తగును. ఐతే ఈ పీపా ట్రాక్టరు ఒరగకుండ కాపాడును గాని లోడరు చేతుల బలమును పెంచజాలదు.

ఈ లెక్కను మరచినచో నష్టము ఇనుమునకే కాదు, ప్రాణమునకును కలుగును. 1970 తరువాతి సంవత్సరములలో అమెరికాలో పెద్ద గుండ్రని గడ్డిచుట్టల వాడుక వ్యాపించెను. వానిలో అనేకములు 400 కిలోగ్రాములకు మించి తూగును. అట్టి చుట్టను ఉత్త తొట్టిలో నుంచి పైకెత్తునపుడు తొట్టి వెనుకకు వంగినచో, చుట్ట లోడరు చేతుల మీదుగా దొర్లి నడుపువానిపై పడును. అందుచే దృఢమైన చట్రమునకు అమర్చిన బల్లెము వంటి చువ్వను చుట్టలో గ్రుచ్చి మోయుట మేలు. బరువును ఎల్లప్పుడు నేలకు దగ్గరగా నుంచియే నడువవలెను. తొట్టిలో గాని కొమ్ములపై గాని మనుష్యులను ఎన్నటికిని ఎక్కింపరాదు.

ఐర్లండునకు చెందిన రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసను ఇట్టి లెక్కతోనే ప్రసిద్ధి గాంచెను. పూర్వము ట్రాక్టరు వెనుక లాగబడు నాగలి రాతికి తగిలి ఆగిపోయినచో, ట్రాక్టరు ముందు చక్రములు పైకి లేచి యంత్రము వెనుకకు తిరుగబడుచుండెను. ఫెర్గూసను నాగలిని మూడు చోట్ల ట్రాక్టరుతో కలిపి, ఆ బలము ముందు చక్రములను నేలకు నొక్కునట్లు ఏర్పాటు చేసెను. అతడు బరువైన యంత్రమును నిర్మింపలేదు. బలము ఏ దారిన పోవునో ఆలోచించెను. ప్రమాదములను తగ్గించుటకు ప్రభుత్వములును పూనుకొనెను. క్రొత్త ట్రాక్టర్లకు నడుపువానిని కాపాడు చట్రము ఉండవలెనని స్వీడను దేశము 1959లో శాసించెను.

పాత ఇనుము నుండి పనికివచ్చు వస్తువును సృష్టించు రైతు నేర్పు మెచ్చదగినది. ఆ వస్తువును బిగించుటకు ముందు అతడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: బరువెంత? అది ఎంత దూరమున ఉన్నది? దానికి ఎదురుతూగునది ఏది? బస్తాలు సర్దు బండివాడు ప్రతిదినము మనసులో వేసికొను ప్రశ్నలును ఇవియే.