ఏ పాటలు వింటున్నాము? ఎందుకు?

గజ్వేల్ చుట్టుపట్ల గ్రామాల్లో కుటుంబాలను దర్శించినప్పుడు మేము ఒక మాట అడుగుతుంటాము: "ఈమధ్య ఏ పాటలు వింటున్నారు? ఎందుకు?"

యౌవనస్థులలో ఎక్కువమంది హోసన్నా మినిస్ట్రీస్ ఆల్బమ్‌ల పేరు చెబుతారు. ఏటా జరిగే గుడారాల పండుగకు కొత్త పాటలు వస్తాయి. రాగం త్వరగా పట్టుబడుతుందని, పత్తి ఏరుతూ కూడా పాడుకోవచ్చని వారంటారు. పెద్దలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే ప్రీతి. వాటిలో పురుషోత్తమ చౌధరి (1803–1890) రచనలు అనేకం. చదువురాని తల్లులెందరో సిలువ మర్మాన్ని ఆ కీర్తనల వలననే నేర్చుకున్నారు.

రెండు కారణాలూ మంచివే. అయితే క్యాసెట్ల కాలంలో ఇంటికి ఒకటే టేప్ రికార్డరు. అది మ్రోగితే ఇంటిల్లిపాదీ వినేవారు. ఇప్పుడు ఎవరి ఫోను వారిది, ఎవరి చెవిలో పాట వారిది. అవ్వ పాట మనుమడికి రాదు. మనుమడి పాట అవ్వకు తెలియదు. రేపు అవ్వ మంచాన పడితే, ప్రక్కన కూర్చుండి ఆమె ఎరిగిన పాట పాడేదెవరు?

కీర్తనలతో ఒకరికొకరు బోధించుకొమ్మని పౌలు కొలొస్సయి సంఘానికి వ్రాశాడు (3:16). వినడంతోనే ఆ పని ముగియదు.

ఈ నెల ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో ఫోన్లు ప్రక్కన పెట్టండి. ప్రతివారూ తమకిష్టమైన పాట ఏదో, ఎందుకో చెప్పండి. మనుమడు అవ్వ దగ్గర ఒకటి, అవ్వ మనుమడి దగ్గర ఒకటి నేర్చుకోండి. తరువాత ఆ రెండూ అందరూ కలిసి పాడండి.