కోపానికి స్పానిష్‌లో ఏ మాట?

స్పానిష్ సినిమాకి స్పానిష్‌లోనే సబ్‌టైటిల్సా! నమ్మరు కదూ? 2019 జనవరిలో స్పెయిన్‌లో అక్షరాలా అదే జరిగింది.

సినిమా పేరు 'రోమా'. దర్శకుడు అల్ఫోన్సో కువరోన్. 1970 నాటి మెక్సికో సిటీలో ఓ డాక్టరుగారింట్లో పనిచేసే క్లియో కథ. 2018లో వెనిస్‌లో గోల్డెన్ లయన్, 2019లో మూడు ఆస్కార్లు కొట్టిన బ్లాక్ అండ్ వైట్ చిత్రం. ఆ ఇంట్లో మాట్లాడుకునేది మెక్సికో స్పానిష్.

కోప్పడటాన్ని మెక్సికోవాళ్లు 'ఎనోహార్సే' అంటారు. తెర కింద మాత్రం 'ఎన్‌ఫదార్సే' అని పడింది! స్పెయిన్ ఇళ్లల్లో వినపడేది అదే మరి. అలాగని మొదటి మాట వాళ్లకి తెలీదా అంటే, నిక్షేపంలా తెలుసు. పైగా ఈ రెండో మాటకి మెక్సికో వాయవ్య ప్రాంతాల్లో కోపం కాదు, విసుగెత్తించడమని అర్థం. అంతటితో ఆగారా? పాత్రలు 'మమా' అంటుంటే కింద 'మాద్రె' అని వేశారు. 'అమ్మా' అన్న పిలుపు వింటూ 'తల్లి' అని చదువుకోవాలన్నమాట! 'గన్సీతో' అనే చాక్లెట్ పూత కేకు కాస్తా 'గంచీతో' అయి కూర్చుంది. అది స్పెయిన్‌లో కరకరలాడే ఛీజ్ చిరుతిండి!

తెలంగాణ పిల్లాడు "అమ్మకు గుస్సొస్తది" అంటే, కింద "అమ్మకి కోపం వస్తుంది" అని వేస్తే మనకెలా ఉంటుంది? ఇది స్పెయిన్ ప్రేక్షకులకే అవమానమన్నాడు కువరోన్. ఆయనకి కోపం వచ్చింది (ఏ మాటలో వచ్చిందో చెప్పక్కర్లేదు!). నెట్‌ఫ్లిక్స్ ఆ సబ్‌టైటిల్స్ తీసేసింది.

ఇక మీరు ఎదురుచూస్తున్న మాటకొస్తాను. 'ఐ లవ్యూ'కి స్పానిష్‌లో 'తే అమో' అని నేర్చుకుని మురిసిపోకండి. అది బరువైన మాట. స్పెయిన్‌లోనైతే కాస్త సినిమా డైలాగులా కూడా వినపడుతుంది. అమ్మకీ, స్నేహితుడికీ, ప్రేయసికీ కూడా చెల్లేది 'తే కియేరో'. దాని మూలక్రియ 'కెరేర్'. ఇష్టపడటమూ అదే, కావాలనుకోవడమూ అదే.

'రోమా' చివర్లో ఈ క్రియ ఏం చేసిందో చూడండి. (కథ చెప్పేస్తున్నానని అలగొద్దు సుమా!) ఈతరాని క్లియో సముద్రంలోకి దిగి పిల్లల్ని ఒడ్డుకి చేరుస్తుంది. చచ్చి పుట్టిన తన బిడ్డ అసలు తనకి వద్దేవద్దనుకున్నానని అప్పుడు ఏడుస్తూ బయటపెడుతుంది. ఆ మాటలో ఉన్నది 'కెరేర్'. ఆమెని వాటేసుకుని యజమానురాలు చెప్పే ప్రేమమాటలోనూ అదే 'కెరేర్'!

ఆ సీనుకి తెలుగు డైలాగులు రాయమంటే యజమానురాలి చేత 'నిన్ను ప్రేమిస్తున్నాం' అనిపించను. 'నువ్వు మాకు కావాలి, క్లియో' అని రాస్తాను.