వాలు నేలకు చదును కొలత

తిరువళ్లూరులో వీరరాఘవస్వామి కోవెల చుట్టూ నేల చాప పరచినట్లుంటుంది. అక్కడ టేపు ఎంత చెబితే దూరం అంత. తిరుత్తణి సంగతి వేరు. సుబ్రహ్మణ్యస్వామి కొండ వాలులో టేపు మాట ఒకటి, పట్టా మాట ఒకటి. ఈ తేడా తెలియక అన్నదమ్ముల నడుమ మాటలు పెరుగుతుంటవి. అందుకే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

సర్వే పటంలో ఉండేది వాలు పొడవు కాదు, చదును దూరం. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఏటవాలుగా వేసిన నిచ్చెన నీడ నేలమీద ఎంత పడుతుందో, అంత. ఇల్లు కట్టినా గచ్చు చదునుగానే వేస్తాము గదా!

లెక్క సులభమే. వాలు పొడవును వాలు కోణపు కొసైనుతో గుణించవలెను. మన పూర్వుల కోటిజ్య ఇదే. వాలు వెంట 100 అడుగులు కొలిస్తే చదును దూరం 5 డిగ్రీలకు 99.6, 10 డిగ్రీలకు 98.5, 20 డిగ్రీలకు 94 అడుగులు మాత్రమే. 100 అడుగులు నడిచేసరికి 34 అడుగులు పైకి ఎక్కితే అది 20 డిగ్రీల వాలు.

అన్నకు దిగువ చదునులో 100 అడుగుల చదరం, తమ్మునికి ఎగువ 20 డిగ్రీల వాలు మీద టేపు పరచి అంతే చదరం ఇచ్చారనుకొందాము. పటంలో తమ్మునికి వచ్చేది 9,400 చదరపు అడుగులే. దాదాపు 1.4 సెంట్లు తగ్గినవి. మోసం ఎవరూ చేయలేదు. టేపును వాలుగా పరచడమే తప్పు.

కొసైను పట్టిక లేకున్నా ఉపాయమున్నది. తిరుత్తణి కొండకు 365 మెట్లని వాడుక. మెట్ల ఎత్తులు వదలి, పాదం మోపే వెడల్పులు మాత్రం కూడితే చదును దూరం వస్తుంది. పొలంలోనూ అంతే. టేపును కొద్దికొద్ది దూరాలకు రసమట్టంతో సమంగా పట్టి, కొన నుండి దారానికి కట్టిన గుండు వదలి, అది తాకిన చోట నుండి మళ్లీ కొలవవలెను.

1802 ఏప్రిల్‌లో చెన్నపట్నం పరంగిమల వద్ద లాంబ్టన్ దొర 100 అడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ల గీత కొలిచినప్పుడు, వాలు కోణాలు చూచి చదును దూరానికి సరిచేసినాడు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకు అదే పునాది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరినది. రాష్ట్రం మారినా కొసైను మారలేదు. కాబట్టి పంపకపు కాగితం మీద సంతకం చేసే ముందు ఒక్క మాట అడగండి: “ఇది వాలు కొలతా, చదును కొలతా?”