అప్రకటిత ఫంక్షను హెచ్చరిక

అప్రకటిత ఫంక్షను హెచ్చరిక అనునది సీ ప్రోగ్రామింగు భాషలో ముందుగా ప్రకటించని ఫంక్షనును పిలిచినపుడు కంపైలరు ఇచ్చే సందేశము. ఆపరేటింగు సిస్టముల డ్రైవర్ల కోడులో ఇది తరచుగా ఎదురవుతుంది. ప్రింటరు, నెట్‌వర్కు కార్డు వంటి పరికరాలను నడిపే ప్రోగ్రామునే డ్రైవరు అంటారు.

నేపథ్యము

1989 నాటి సీ ప్రమాణము ప్రకారము, ప్రకటన లేని ఫంక్షను 'ఇంట్' రకపు పూర్ణాంకమును తిరిగి ఇస్తుందని కంపైలరు ఊహించుకొనేది. 1999 ప్రమాణములో ఈ వెసులుబాటును తొలగించారు. అయినను పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా జీసీసీ కంపైలరు చాలాకాలము హెచ్చరికతోనే సరిపెట్టింది. 2024లో వెలువడిన 14వ వెర్షను నుండి దీనిని దోషముగానే పరిగణిస్తున్నది. లినక్స్ కెర్నెలు అంతకు ఎంతో ముందే తన నిర్మాణ నియమాలలో దీనిని దోషముగా చేర్చుకొన్నది.

ప్రమాదము

32 బిట్ల కంప్యూటర్లలో ఇంట్, పాయింటరు రెండూ 32 బిట్లే కనుక తప్పు బయటపడేది కాదు. 64 బిట్ల లినక్సులో పాయింటరు 64 బిట్లు, ఇంట్ 32 బిట్లు. 'కెమాలక్' ఫంక్షను మెమరీలో స్థలము కేటాయించి, దాని చిరునామాను ఇస్తుంది. ప్రకటన లేకుంటే ఆ చిరునామాలో పై సగము పోయి క్రింది సగమే మిగులుతుంది. చిత్తూరులో ఉన్నవారు తిరుపతిలోని ఇంటి ఫోనుకు 0877 అనే ఎస్టీడీ కోడు వదలి తక్కిన అంకెలే నొక్కినట్లు ఉంటుంది ఇది. పిలుపు మరొకరి ఇంటికి పోవచ్చు, ఎవరికీ చేరకనూ పోవచ్చు. మామూలు ప్రోగ్రాము ఇలా చెడితే అదొక్కటే ఆగుతుంది. డ్రైవరు కెర్నెలులో భాగముగా నడుస్తుంది కనుక యంత్రమంతా స్తంభించవచ్చు.

సవరణ

సందేశములో ఫైలు పేరు, వరుస సంఖ్య, ఫంక్షను పేరు ఉంటాయి. మొదట అక్షరదోషము ఉన్నదేమో చూడాలి. కొన్ని తప్పులు అక్కడే తేలిపోతాయి. తరువాత 'గ్రెప్' ఆదేశముతో కెర్నెలులోని 'ఇన్‌క్లూడ్' డైరెక్టరీ వెదికి, ప్రకటన ఉన్న హెడరు ఫైలును చేర్చాలి. కెమాలక్‌కు 'స్లాబ్' హెడరు, 'కాపీ_ఫ్రమ్_యూజర్'‌కు 'యూయాక్సెస్' హెడరు కావాలి. ఫంక్షను అదే ఫైలులో క్రింద ఉంటే దానిని పైకి జరపడమో, ముందుగా ప్రకటించడమో చాలు.

ఒక హెడరు మరొక హెడరు ద్వారా దొంగచాటుగా వచ్చి ఉండడము తరచుగా చిక్కు తెస్తుంది. అనేక డ్రైవర్లకు స్లాబ్ హెడరు 'పర్‌సీపీయూ' హెడరు ద్వారా లభించేది. ఆ బంధమును తెంచుటకు ముందు, 2010 మార్చిలో తేజున్ హియో చాలా ఫైళ్ళను ఒకేసారి సవరించవలసి వచ్చింది.

కొన్నిసార్లు ఫంక్షనే తొలగిపోయి ఉంటుంది. 2020లో వచ్చిన 5.6 కెర్నెలులో 'ఐఓరీమ్యాప్_నోక్యాష్' లేదు. దాని బదులు 'ఐఓరీమ్యాప్' వాడాలి. ఇటువంటి చోట ప్రకటనను డ్రైవరులో స్వయముగా వ్రాసుకొంటే కంపైలరు ఊరుకొంటుంది గాని, మాడ్యూలు నిర్మాణపు చివరి దశలో ఆ పేరు దొరకలేదన్న దోషము మళ్ళీ వస్తుంది.