బట్టీ ఆరిన తర్వాత

రమజాన్ నెలవంక కనబడకముందే హైదరాబాద్ హోటళ్ల ముందు ఇటుకా మట్టితో హలీమ్ బట్టీలు లేస్తాయి. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి దేగ్‌లో గంటల తరబడి ఉడుకుతుంటే, పనివాళ్లు కర్ర ఘోట్నీలతో మెదుపుతూనే ఉంటారు. 2010లో ఈ వంటకానికి జీఐ గుర్తింపు వచ్చింది. పండుగ చంద్రుడు కనబడగానే చాలా బట్టీలను తీసేస్తారు. అది నెల వ్యాపారం. మూసే రోజు అందరికీ ముందే తెలుసు.

ఇరానీ హోటల్ మూతపడితే సంగతి వేరు. నాలుగు రోడ్ల కూడలిలో విశాలమైన స్థలం, ఒక్క చాయ్‌తో గంటసేపు కూర్చునే గిరాకీ. స్థలాల ధర, అద్దె పెరిగాక ఈ లెక్క కుదరదు. ఒకసారి మూసింది మళ్లీ తెరుచుకోవడం అరుదు. చాయ్ మాస్టరుకు, బల్లలు తుడిచే పనివాడికి ఆ రోజుతో జీతం ఆగిపోతుంది. కొందరికి తిండీ పడకా కూడా అక్కడే.

సరుకు బాకీలు మిగిలిన చిన్న యజమాని నోరు తెరిచి అడగలేడు. జకాత్ అందుకోదగిన వారిని ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. వారిలో అప్పుల్లో కూరుకుపోయినవారూ ఉన్నారు. ఈసారి జకాత్ లెక్క వేసేటప్పుడు, మీ వీధిలో షట్టరు దించిన దుకాణం ఎవరిదో, ఎలా ఉన్నారో ఒక్కసారి విచారించండి.