శరత్కాలమున లిస్బన్ నగరము

ఆశ్వయుజ కార్తిక మాసములు మనకు శరదృతువు. నైరృతి పవనములు వెనుదిరుగగా ఆకాశము తేటపడును. సిద్దిపేట జిల్లాలోని నంగునూరు ప్రాంతమున చెరువులు నిండియుండును. గట్లమీద తంగేడు, చేల యంచుల గునుగు విరియబూయును. బతుకమ్మ పండుగ వచ్చునది ఈ దినములలోనే. సరిగా ఇదే కాలమున, ఐరోపా ఖండమునకు పడమటి యంచున ఉన్న పోర్చుగల్ దేశములో ఎండలు తగ్గి తొలివానలు మొదలగును. మనకు వానలు వెనుదీయునప్పుడు వారికి వానలు వచ్చుట వింతగా తోచవచ్చును. మనకు వర్షమును తెచ్చునవి వేసవి చివర వీచు ఋతుపవనములు. వారికి తెచ్చునవి చలికాలమున అట్లాంటిక్ మహాసముద్రము మీదినుండి వీచు పడమటి గాలులు. వేసవి వేడిమి తగ్గి, వానలు ఇంకను ముమ్మరము కాని ఈ నడిమి కాలము ఆ దేశపు రాజధానియగు లిస్బన్‌ను చూచుటకు మిక్కిలి అనువైనది.

లిస్బన్ నగరము టేగస్ నదికి ఉత్తరపు గట్టున వెలసినది. ఈ నది స్పెయిన్ దేశపు కొండలలో పుట్టి, సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియును. మన గోదావరి పొడవు 1465 కిలోమీటర్లు. అయినను లిస్బన్ ఎదుట టేగస్‌ను చూచినవారు దానిని నది యని వెంటనే నమ్మజాలరు. అచట అది ఒక సరస్సువలె విశాలమగును; దూరపు గట్టు మసకగా మాత్రమే కనిపించును. ఆ విశాల జలరాశికి ‘గడ్డి సముద్రము’ అని అచటివారు పేరు పెట్టిరి. అటుపిమ్మట నది మరల ఇరుకై, కొలది దూరములోనే అట్లాంటిక్‌ను చేరును. తుపానులు సోకని ఇట్టి రేవు దొరకుట ఓడలకు గొప్ప వరము. నగరము పెరుగుటకు మొదటి కారణము ఇదియే. 1966లో ఆ ఇరుకైన చోట ఒక వ్రేలాడు వంతెనను నిర్మించిరి. దాని రెండు గోపురముల నడిమి దూరము 1013 మీటర్లు.

నదివలెనే కొండలును ఆ నగరమునకు ముఖ్యములు. లిస్బన్ ఏడుకొండల నగరమని ప్రసిద్ధి. ఏడుకొండలన్నంతనే తెలుగువారికి తిరుమల తలపునకు వచ్చుట సహజము. కాని ఇచట ఏడు కొండలమీదను ఇండ్లే. వీధులు నిటారుగా ఎక్కి, నిటారుగా దిగును. పెక్కుచోట్ల వీధికి బదులు మెట్లే కలవు. కాలిబాటలయందు తెల్లని, నల్లని చిన్న రాళ్లను పొదిగి ముగ్గులవంటి చిత్రములు కూర్చిరి. శరత్కాలపు వానకు తడిసినప్పుడు ఈ రాళ్లు జారును గనుక నడచువారు జాగరూకులై ఉండవలెను.

కొండలు ఎక్కుటకు ఆ నగరవాసులు పందొమ్మిదవ శతాబ్దమునుండియే యంత్రములను కల్పించుకొనిరి. విద్యుచ్ఛక్తితో నడచు ట్రాము బండ్లు 1901లో వచ్చెను. ఇరుకు సందులలో మలుపులు తిరుగవలెను గనుక ఆ బండ్లు చిన్నవి. వాని పట్టాల నడిమి వెడల్పు 900 మిల్లీమీటర్లు మాత్రమే. 1902లో దిగువ వీధినుండి ఎగువ పేటకు మనుష్యులను చేర్చుటకు 45 మీటర్ల ఎత్తున ఇనుప గోపురము కట్టి, అందు లిఫ్టును అమర్చిరి. 1885లో తెరచిన గ్లోరియా అను కొండవాలు రైలు ఇనుప మోకుతో కట్టిన రెండు పెట్టెలతో నడచెడిది. ఒకటి దిగుచుండగా రెండవది ఎక్కును. 2025 సెప్టెంబరు 3న దాని మోకు ఊడి, ఒక పెట్టె వాలున దొర్లిపోగా 16 మంది మరణించిరి. వాలుపై బ్రదుకు అందమైనదే కాని, అచట ప్రతి మోకును, ప్రతి గోడను ఎప్పటికప్పుడు పరీక్షించుకొనక తప్పదు.

అన్నిటికంటె ప్రాచీనమైన పేట ఆల్ఫామా. అది కోటకొండ వాలున, గట్టి నేలపై నున్నది. ఆ పేరు అరబ్బీ భాషకు చెందినది. పూర్వము ఆ నగరమును మహమ్మదీయులు ఏలిరి. 1147లో పోర్చుగల్ రాజు అఫోన్సో హెన్రీకిష్ దానిని జయించెను. కోట బురుజునుండి చూచినచో ఎఱ్ఱని పెంకుటిండ్ల కప్పులు మెట్లు మెట్లుగా నదివరకు దిగుచున్నట్లుండును. క్రింద రాచవీధికి ఇరువైపుల చెట్ల యాకులు పసుపువన్నెకు తిరుగుచుండును. దినములు కురుచయై చలి సోకినంతనే చెట్టు ఆకులలోని పత్రహరితమును విరిచివేయును. అంతవరకు దానిచాటున దాగిన పసుపురంగు అప్పుడు బయటపడును. వీధి మూలలయందు బండ్లపై చెస్ట్‌నట్ అను కాయలను ఉప్పుతో కాల్చి అమ్ముదురు. నవంబరు 11న వచ్చు సెయింట్ మార్టిన్ పండుగకు వానిని తినుట అచటి ఆచారము. మన వీధులలో మక్కజొన్న కంకులను కాల్చునట్టి పొగయే అచటను క్రమ్ముకొనును.

ఆ మక్కజొన్న మాట యూరక వచ్చినది కాదు. వాస్కో డ గామా 1497 జూలైలో ఈ నదినుండియే బయలుదేరి, 1498 మే నెలలో కాలికట్ తీరమును చేరెను. అటుతరువాత పోర్చుగీసువారి ఓడలు అమెరికా ఖండపు పంటలను మన దేశమునకు తెచ్చెను. మిరప, మక్కజొన్న, పొగాకు, అనాస, బొప్పాయి, జీడిమామిడి అట్లు వచ్చినవే. పంటలతోపాటు మాటలును వచ్చెను. అల్మారా, బొత్తాము, తువాలు, పీపా, చావి, మేస్త్రీ అను మాటలు పోర్చుగీసు భాషనుండి పుట్టినవి. లిస్బన్ పేరు విననివారి యిండ్లలో సైతము ఆ నగరపు మాటలు దినమెల్ల వినబడుచున్నవి. అయితే ఈ వర్తకము శాంతముగా సాగినది కాదు. ఫిరంగుల బలముతో రేవులను పట్టుకొనిరి. ఆఫ్రికానుండి మనుష్యులను బానిసలుగా కొనిపోయిరి. లిస్బన్ సంపదలో ఈ కన్నీటి పాలును కలదు.

ఇట్టి నగరమునకు శరత్కాలముననే గొప్ప విపత్తు వచ్చెను. 1755 నవంబరు 1వ తేదీ సర్వ పునీతుల పండుగ. ఉదయము తొమ్మిదిన్నర దాటినది. చర్చీలు జనముతో క్రిక్కిరిసి యుండెను; ప్రతి పీఠముమీదను క్రొవ్వొత్తులు వెలుగుచుండెను. అప్పుడు భూమి కంపించెను. కొన్ని నిమిషములలో కప్పులు కూలెను. కొండల నడుమ నదియొడ్డున నున్న దిగువ పేట మెత్తని ఒండ్రునేల. గట్టి రాతినేలకంటె మెత్తని నేల అధికముగా ఊగును గనుక ఆ పేటకే ఎక్కువ నష్టము కలిగెను.

బ్రదికినవారు కూలు గోడలనుండి తప్పించుకొనుటకు నదీతీరపు మైదానమునకు పరుగెత్తిరి. నీరు వెనుకకు తగ్గి నది అడుగు బయటపడెను. పిమ్మట, కంపించిన ముప్పావు గంటకే, పెద్ద కెరటములు లేచి వారిపై విరుచుకొనిపడెను. సముద్రగర్భము ఒక్కసారిగా కదలినప్పుడు దానిపైనున్న నీరంతయు కదలి ఇట్టి కెరటములుగా మారును. 2004 డిసెంబరు 26న మన తూర్పుతీరమును తాకినదియు ఈ జాతి కెరటమే. నీరు హఠాత్తుగా వెనుకకు పోయినచో వేడుక చూడక ఎత్తైన చోటికి పరుగెత్తవలెనని ఇప్పుడు తీరవాసులకు నేర్పుచున్నారు. లిస్బన్ ప్రజలకు ఆనాడు ఆ సంగతి చెప్పినవారు లేరు. పడిపోయిన క్రొవ్వొత్తులనుండి, వంటయిండ్లనుండి నిప్పు రేగి అయిదారు దినములు నగరమును కాల్చెను. 70,000 సంపుటములు గల రాజ గ్రంథాలయము బూడిదయ్యెను. పదుల వేల మంది మరణించిరని పెక్కుమంది చరిత్రకారుల అంచనా. రాజు జోసె బ్రదికెను గాని, మరల రాతి కట్టడములో నిద్రించుటకు భయపడి గుడారములలోను, కొయ్య మందిరములోను కాలము గడపెను.

కార్యభారము మంత్రి సెబాస్టియావ్ కార్వాల్యోపై పడెను. తరువాతి కాలమున పోంబాల్ ప్రభువని పేరొందినవాడు ఇతడే. ఇతడు మిక్కిలి కఠినుడు; దొంగలను బెదరించుటకు ఎత్తైన ఉరికంబములు నాటించెను, తన్ను ఎదిరించినవారిని చెరలో వేయించెను. అయినను ఇతడు చేసిన ఒక పని లోకమునకు మార్గదర్శకమైనది. దేవుని కోపమే విపత్తునకు కారణమని పలువురు బోధించుచున్న కాలమున, ఇతడు దేశములోని పాదిరీలందరికి ఒక ప్రశ్నావళిని పంపించెను. కంపనము ఎంతసేపు ఉండెను? ఎన్ని ఇండ్లు కూలెను? సముద్రము మొదట లేచెనా, తగ్గెనా? బావులలో, ఊటలలో మార్పు కలిగెనా? మరల ఎన్నిసార్లు కంపించెను? ఆ ప్రశ్నలకు వచ్చిన సమాధానములు నేటికిని లిస్బన్ ప్రభుత్వ భాండాగారమున భద్రముగా నున్నవి. భూకంప శాస్త్రజ్ఞులు వానిని చదివి లెక్కలు కట్టుచున్నారు. జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1756లో భూకంపములను గూర్చి వ్యాసములు వ్రాసెను. భూగర్భ గుహలలోని ఆవిరులే కారణమని అతడూహించినది పొరపాటే. కాని కారణమును ప్రకృతిలోనే వెదకవలెనను త్రోవ సరియైనది. ఆఫ్రికా, యురేషియా భూఫలకములు ఒకదానినొకటి ఒత్తుకొను చోటికి చేరువలో సముద్రగర్భమున ఆ కంపనము పుట్టినదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

దిగువ పేటను మాన్యుయెల్ ద మాయా అను వృద్ధ ఇంజనీరు, అతని సహచరులు కొత్తగా తీర్చిరి. వంకర సందులకు బదులు తిన్నని, వెడల్పైన వీధులు వేసిరి. చిత్తడి నేలలో దేవదారు గుంజలు దిగగొట్టి పునాదులు కట్టిరి. గోడలలోపల నిలువు, అడ్డ, ఏటవాలు దూలములతో పంజరమువంటి కొయ్యచట్రమును అమర్చిరి. నేల ఊగినప్పుడు చట్రము తానును కొంత ఊగి, రాళ్లు విడిపోకుండ పట్టుకొనును. ఒక నమూనా చట్రముచుట్టు సైనికులను కవాతు చేయించి దాని బలమును పరీక్షించిరని చెప్పుదురు. ఇంటింటి నడుమ నిప్పు దాటకుండ గోడలను కప్పుపైవరకు లేపిరి. ఈ పేటలో నేడు యాత్రికులు కాఫీ త్రాగుచు తిరుగుదురు. తమ ప్రక్కనున్న గోడలో ఒక పంజరము దాగియున్నదని ఎరిగినవారు కొందరే. ఎగువ పేటలో కార్మో మఠపు చర్చి మాత్రము కప్పు లేక నేటికిని నిలిచియున్నది. దాని రాతి కమానుల నడుమ శరత్కాలపు ఆకాశము కనబడును.

ఈ కథ దూరదేశమునకు చెందినదని తలపరాదు. దక్కను పీఠభూమి దృఢమైనది, ఇచట భూకంపములు రావని జనులు నమ్మియుండిరి. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున, వినాయక నిమజ్జనము ముగించి జనులు నిద్రించుచుండగా, మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతము కంపించెను. ఆ కదలిక హైదరాబాదునందును తెలిసినది. సుమారు 10,000 మంది మరణించిరి. ఆ కంపనము లిస్బన్ కంపనముకంటె ఎంతో చిన్నది. అయినను అంతమంది మరణించుటకు ఇండ్ల కట్టుబడియే ముఖ్య కారణము. మట్టితో పేర్చిన మందపు రాతిగోడలు, వానిపై బరువైన మట్టికప్పులు నిద్రించువారిపై కూలెను. గోడచుట్టును పునాది మట్టమున ఒకటి, తలుపుల పైమట్టమున ఒకటి కాంక్రీటు పట్టీలు వేసి, మూలలలో ఇనుప కడ్డీలు నిలిపినచో గోడలు విడిపోవని ఇంజనీర్లు చెప్పుచున్నారు. లిస్బన్ గోడలలోని కొయ్య పంజరము చేసినది ఈ పనియే. నంగునూరులో కొత్త ఇల్లు కట్టించువారు పునాది దశలోనే మేస్త్రీని ఈ పట్టీలను గూర్చి అడిగి తెలిసికొనుట మేలు. గోడలు లేచినపిమ్మట అడిగిన ప్రయోజనము స్వల్పము.